పర్మిట్ ఎవరి పేరున? అమెరికాలో ప్లంబింగ్ పని ఎవరికి అప్పగించాలి

అమెరికాలో ఇల్లు కొన్న మనవాళ్లలో చాలామందికి ప్లంబర్ అవసరం మొదటిసారి పడేది వాటర్ హీటర్ పోయినప్పుడే. గరాజ్‌లో నీళ్లు, ఇంట్లో అందరికీ చన్నీళ్ల స్నానం, చేతిలో మూడు కొటేషన్లు. మూడింటిలో ఒకటి మిగతా రెండిటికంటే బాగా తక్కువ. తక్కువ చెప్పిన మనిషి పర్మిట్ అక్కర్లేదని, సాయంత్రంలోగా బిగించి వెళ్తానని అంటాడు.

మా మొదటి ఇంట్లో నేను ఆ తక్కువ కొటేషనే తీసుకున్నాను. ఆరేళ్లు ఏ ఇబ్బందీ రాలేదు. ఇల్లు అమ్మేటప్పుడు కొనేవాళ్ల ఇన్‌స్పెక్టర్ రిపోర్టులో మూడు ముక్కలు రాశాడు: ఎక్స్‌పాన్షన్ ట్యాంక్ (వేడికి పెరిగిన నీటికి చోటిచ్చే చిన్న ట్యాంకు) లేదు, రిలీఫ్ వాల్వ్ (ఒత్తిడి పెరిగితే నీటిని బయటికి వదిలేది) నుంచి వచ్చే పైపు మధ్యలోనే ఆగిపోయింది, సిటీ రికార్డుల్లో ఈ హీటర్‌కు పర్మిట్ కనిపించలేదు. క్లోజింగ్ తేదీ, అంటే ఇల్లు చేతులు మారే రోజు, దగ్గరపడింది. బిగించిన మనిషి ఫోన్ ఎత్తలేదు. లైసెన్స్ ఉన్న ప్లంబర్ని పిలిచి, పర్మిట్ తీయించి, పని మళ్లీ చేయించాం. డబ్బు రెండుసార్లు పోయింది, దానికి తోడు ఆ పది రోజుల టెన్షన్.

అప్పటినుంచి ఎవరు అడిగినా ఒకటే చెబుతున్నాను. కొటేషన్లు పక్కపక్కన పెట్టినప్పుడు ధర కంటే ముందు, పర్మిట్ ఎవరి పేరున తీస్తారో అడగండి. ఆ కాగితం మీద ఎవరి పేరు ఉంటే, పని కోడ్ (కట్టడాల నియమావళి) ప్రకారం జరిగిందని సిటీకి జవాబు చెప్పాల్సింది వాళ్లే. ఇన్‌స్పెక్షన్‌లో ఫెయిలైతే తిరిగి వచ్చి సరిచేయాల్సిందీ వాళ్లే.

లైసెన్స్ మనిషికి, పర్మిట్ పనికి

ఈ రెండిటినీ కలిపేసుకోవడం వల్లే సగం గందరగోళం. లైసెన్స్ అంటే ఈ మనిషికి ఈ పని వచ్చు, పరీక్ష పాసయ్యాడు, ఇన్నేళ్లు పనిచేశాడు అని ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు. పర్మిట్ అంటే ఈ ఇంట్లో ఈ పని చేయడానికి అనుమతి. దాన్ని సాధారణంగా మీ సిటీ లేదా కౌంటీ బిల్డింగ్ డిపార్ట్‌మెంట్ ఇస్తుంది, ఆ తర్వాత వాళ్ల ఇన్‌స్పెక్టర్ వచ్చి చూస్తాడు. గొప్ప లైసెన్స్ ఉన్నవాడు కూడా పర్మిట్ లేకుండా పని చేస్తే అది పర్మిట్ లేని పనే. హెచ్ఓఏ (కాలనీలోని ఇళ్ల యజమానుల సంఘం) వాళ్లు ఇచ్చే అనుమతి దీనికి ప్రత్యామ్నాయం అవదు. హెచ్ఓఏ సరేనంది కదా అని పని మొదలుపెట్టి ఇరుక్కున్నవాళ్లు ఉన్నారు.

లైసెన్స్ ఎవరిస్తారన్నది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. ఉద్యోగం మారి వేరే రాష్ట్రానికి వెళ్లిన కుటుంబాలు పొరపాటు పడేది ఇక్కడే, పాత ఊరి పద్ధతే కొత్త ఊళ్లోనూ ఉంటుందనుకుంటారు. టెక్సాస్‌లో రాష్ట్ర ప్లంబింగ్ ఎగ్జామినర్ల బోర్డు లైసెన్స్ ఇస్తుంది. కాలిఫోర్నియాలో కాంట్రాక్టర్స్ స్టేట్ లైసెన్స్ బోర్డు ఇస్తుంది, ప్లంబింగ్‌కు వాళ్ల వర్గం పేరు సీ-36. న్యూజెర్సీలో మాస్టర్ ప్లంబర్ల బోర్డు లైసెన్స్ ఇస్తుంది, పర్మిట్ మాత్రం మీ మున్సిపాలిటీ ఆఫీసులో తీసుకోవాలి. ఇల్లినాయ్‌లో ఆ పని చూసేది రాష్ట్ర ప్రజారోగ్య శాఖ, షికాగో నగరానికి మాత్రం సొంత పద్ధతి ఉంది.

ప్లంబింగ్‌కూ ఆరోగ్య శాఖకూ ఏం సంబంధం అనిపించవచ్చు. 1933లో షికాగోలో ప్రపంచ ప్రదర్శన జరుగుతున్నప్పుడు రెండు హోటళ్లలో మురుగు నీరు తాగే నీళ్లలో కలిసింది. లోపం పైపుల అమరికలోనే ఉంది. అమీబిక్ డిసెంటరీతో 98 మంది చనిపోయారు. తాగే నీటి పైపుకూ మురుగు పైపుకూ మధ్య ఉండాల్సిన దూరం, వాల్వులు, మురుగు వెనక్కి ఎక్కకుండా మధ్యలో వదిలే గాలి ఖాళీ గురించి కోడ్ పుస్తకం అంత పట్టుబట్టేది ఇలాంటివి చూశాకే. పర్మిట్‌ను ఊరికే ఫీజు వసూలు చేసే కాగితంగా చూసేవాళ్లకు నేను ఈ సంగతి తప్పకుండా చెబుతాను.

రాష్ట్రస్థాయి లైసెన్స్ లేని చోట్లూ ఉన్నాయి. న్యూయార్క్ రాష్ట్రం ప్లంబర్లకు లైసెన్స్ ఇవ్వదు, న్యూయార్క్ నగరంలో మాత్రం అక్కడి బిల్డింగ్స్ డిపార్ట్‌మెంట్ ఇచ్చే మాస్టర్ ప్లంబర్ లైసెన్స్ కావాలి. పెన్సిల్వేనియాలోనూ అంతే, ఫిలడెల్ఫియాకు దాని పద్ధతి దానిది, పిట్స్‌బర్గ్ ఉన్న అలెగెనీ కౌంటీలో ఆరోగ్య శాఖ లైసెన్స్ ఇస్తుంది. పెన్సిల్వేనియాలో కొందరు కాంట్రాక్టర్లు అటార్నీ జనరల్ దగ్గర నమోదైన నంబరు చూపిస్తారు. అది ఇంటి మరమ్మతుల కాంట్రాక్టర్‌గా చేసుకునే నమోదు, చేతిలో ప్లంబింగ్ నైపుణ్యం ఉందని ఎవరూ పరీక్షించి ఇచ్చింది కాదు. దాన్ని చూసి లైసెన్స్ ఉందనుకోవద్దు.

ఫ్లోరిడాలో ఇంకో తేడా ఉంది. అక్కడ సర్టిఫైడ్ కాంట్రాక్టర్ రాష్ట్రంలో ఎక్కడైనా పనిచేయవచ్చు, రిజిస్టర్డ్ కాంట్రాక్టర్ తనకు అనుమతి ఉన్న ఊళ్లకో కౌంటీలకో పరిమితం. ప్లంబింగ్‌లో మొదటివాళ్ల నంబరు సీఎఫ్‌సీ అని, రెండోవాళ్లది ఆర్ఎఫ్ అని మొదలవుతుంది. ఇద్దరిలో ఎవరు మేలు అని నన్నడిగితే, మీ ఊళ్లో అనుమతి ఉన్నంతవరకు ఇద్దరూ సమానమే. పక్క కౌంటీ నుంచి వచ్చే రిజిస్టర్డ్ ప్లంబర్ అయితే మాత్రం మీ కౌంటీకి అతని నంబరు చెల్లుతుందో లేదో ముందే కనుక్కోవాలి.

లైసెన్సుల్లోనూ మెట్లుంటాయి. పని నేర్చుకుంటున్న అప్రెంటిస్, ఆపైన పని వచ్చిన జర్నీమన్, ఆపైన మాస్టర్. టెక్సాస్‌లో జనానికి నేరుగా పని ఒప్పుకోవాలంటే రెస్పాన్సిబుల్ మాస్టర్ ప్లంబర్ (కంపెనీ పనికి బాధ్యత వహించే మాస్టర్) అయి ఉండాలి, లేదా అలాంటివారి కింద పనిచేస్తుండాలి. నార్త్ కరోలినాలో క్లాస్ 1కి పరిమితి లేదు, క్లాస్ 2 విడి ఇళ్లకే. జార్జియాలో క్లాస్ 1 చిన్న భవనాలకు, క్లాస్ 2 అన్నిటికీ. ఒక రాష్ట్రంలో 1 పెద్దది, పక్క రాష్ట్రంలో 2 పెద్దది, అందుకే అంకె చూసి అంచనా వేయకండి. మామూలు ఇంటికి మాత్రం చిన్న తరగతి లైసెన్సే సరిపోతుంది.

మీ ముందుండే దారులు

మొదటిది హ్యాండీమ్యాన్. ట్యాపు మార్చడం, టాయిలెట్ ట్యాంకులో ఫ్లాపర్ మార్చడం, సింక్ జామ్ తీయడం లాంటి వాటికి నాకు ఏ అభ్యంతరమూ లేదు. చాలా రాష్ట్రాలు తమ నియమాలకు ఆధారంగా తీసుకునే ఇంటర్నేషనల్ రెసిడెన్షియల్ కోడ్ కూడా జామ్ తీయడానికి, లీకు ఆపడానికి, టాయిలెట్ తీసి అదే తిరిగి పెట్టడానికి పర్మిట్ అడగదు. అయితే గోడలోపల దాగిన పైపు పాడై దాన్ని తీసి కొత్తది వేస్తే అది కొత్త పని కిందికే వస్తుంది, పర్మిట్ కావాలి. హ్యాండీమ్యాన్ పరిధి ఆ గోడ దగ్గర ఆగిపోతుందని గుర్తుపెట్టుకుంటే చాలు. కాలిఫోర్నియాలో ఈ హద్దు డబ్బు రూపంలోనూ ఉంది. 2025 జనవరి నుంచి మొత్తం పని విలువ 1,000 డాలర్లలోపు ఉండి, పర్మిట్ అవసరం లేనిదై, అతను వేరే మనిషిని పనిలో పెట్టుకోనప్పుడే లైసెన్స్ లేకుండా చేయవచ్చు. అంతకుముందు ఆ హద్దు 500 డాలర్లు.

రెండోది, వారాంతంలో విడిగా వచ్చి చేసిపెట్టే జర్నీమన్. ఇది మనవాళ్లలో బాగా నడుస్తుంది, ఎందుకంటే ఎవరో ఒక స్నేహితుడి ఇంట్లో కంపెనీ తరఫున పనిచేసి వెళ్లినాయన నంబరు వాట్సాప్‌లో తిరుగుతుంటుంది. పని నిజంగానే బాగా చేస్తాడు. చిక్కు వేరే చోట ఉంది. చాలాచోట్ల అతని లైసెన్స్ మాస్టర్ కింద పనిచేయడానికే, సొంతంగా పర్మిట్ తీయడానికి వీలుండదు. కంపెనీ ఇన్సూరెన్స్ ఆ ఆదివారం అతనికి వర్తించదు. నైపుణ్యం ఉన్నా బాధ్యత మోసే పేరు లేదు. చిన్న పనికి సరే, గ్యాసుకూ గోడలోపలి పైపులకూ వద్దు.

మూడోది, పర్మిట్ మీరే తీసుకోవడం. దీన్ని ఓనర్-బిల్డర్ పద్ధతి అంటారు. ఇందులో రెండు రకాలున్నాయి, రెండిటికీ చాలా తేడా ఉంది. మీరే స్వయంగా పని చేస్తానంటే చాలా రాష్ట్రాలు ఒప్పుకుంటాయి. టెక్సాస్‌లో సొంతంగా ఉంటున్న ఇంట్లో యజమాని తన చేత్తో ప్లంబింగ్ చేసుకోవడానికి లైసెన్స్ అడగరు, సిటీ పర్మిట్ మాత్రం అవసరం పడవచ్చు. మసాచుసెట్స్‌లో అదీ కుదరదు. అక్కడ ప్లంబింగ్, గ్యాస్ పనులు లైసెన్స్ ఉన్నవాళ్లే చేయాలి, ఇంటి యజమానికి ఆ పర్మిట్ ఇవ్వరు. చేతిపని వచ్చినవాళ్లకు, వీడియోలు చూసి ఓపిగ్గా నేర్చుకునేవాళ్లకు ఇది మంచి దారే, పైగా ఇన్‌స్పెక్టర్ వచ్చి చూస్తాడు కాబట్టి తప్పులు బయటపడతాయి.

రెండో రకం చాలా ప్రమాదం. పని చేసేది లైసెన్స్ లేని మనిషి, పర్మిట్ మాత్రం మీ పేరున. ఖర్చు తగ్గుతుందని, పర్మిట్ మీరు తీసుకోండి, మిగతాది నేను చూసుకుంటాను అని అతనే సలహా ఇస్తాడు. ఎవరైనా మీతో ఈ మాటంటే ఆ సంభాషణ అక్కడితో ఆపేయమని నా సలహా. ఓనర్-బిల్డర్‌గా సంతకం పెట్టినప్పుడు కాంట్రాక్టర్ బాధ్యత అంతా మీ మీద పడుతుంది. ఆ మనిషి నిచ్చెన మీంచి పడితే, ఇన్‌స్పెక్షన్ ఫెయిలైతే, పక్కింట్లోకి నీళ్లు పోతే ముందుగా అడిగేది మిమ్మల్నే. ఫ్లోరిడాలో సంతకం పెట్టించుకునే ప్రకటనలోనే, లైసెన్స్ లేని వ్యక్తిని కాంట్రాక్టర్‌గా పెట్టుకోకూడదని రాసి ఉంటుంది. కొత్త కట్టడమైతే, పూర్తయిన ఏడాదిలోపు అమ్మినా అద్దెకిచ్చినా యజమానికి లైసెన్స్ అక్కర్లేదన్న మినహాయింపును దుర్వినియోగం చేశారని చట్టం అనుకుంటుంది. హెచ్-1బీ మీద ఉండి ఎప్పుడు ఊరు మారాలో తెలియని కుటుంబానికి ఆ ఏడాది నియమం చాలా పెద్ద విషయం.

నాలుగోది, లైసెన్స్ ఉన్న ప్లంబింగ్ కాంట్రాక్టర్ తన పేరున పర్మిట్ తీసి చేయడం. ధర ఎక్కువ. కానీ ఆ ధరలో ఏమేం ఉన్నాయో విడదీసి చూడండి: పర్మిట్ ఫీజు, ఇన్‌స్పెక్టర్ వచ్చినప్పుడు మనిషిని పంపడం, ఇన్సూరెన్స్, ఫెయిలైతే తిరిగి చేసే బాధ్యత. తక్కువ కొటేషన్‌లో ఇవేవీ ఉండవు కాబట్టే అది తక్కువ. కాలిఫోర్నియాలో చట్టం ఇంకో మెట్టు పైకి వెళ్లింది. లైసెన్స్ అవసరమైన పనిని అది లేకుండా చేసినవాడు డబ్బు కోసం కోర్టుకెక్కలేడు, పైగా మీరు కట్టిన సొమ్మంతా వెనక్కి ఇమ్మని మీరే అడగవచ్చు. చట్టం మీ పక్షాన ఉన్నా, కనిపించకుండా పోయిన మనిషి దగ్గర నుంచి వసూలు చేయడం మాత్రం కష్టమే.

ఐదోది, కిచెన్, బాత్రూమ్ మొత్తం మార్చేటప్పుడు జనరల్ కాంట్రాక్టర్‌కు అప్పగించడం. ఇక్కడ మీరు అడగాల్సింది ఆయన లైసెన్స్ ఒక్కటే కాదు, ప్లంబింగ్ ఎవరితో చేయిస్తున్నారో ఆ సబ్‌కాంట్రాక్టర్ నంబరు కూడా అడగాలి. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. మీరు జనరల్ కాంట్రాక్టర్‌కు పూర్తిగా డబ్బు కట్టినా, ఆయన ప్లంబర్‌కు ఇవ్వకపోతే, ఆ ప్లంబర్ మీ ఇంటి మీద మెకానిక్స్ లీన్, అంటే తన బాకీకి ఇంటినే పూచీగా పట్టుకునే క్లెయిమ్, వేయడానికి చాలా రాష్ట్రాల్లో హక్కుంది. ప్రతి వాయిదా కట్టేటప్పుడు ఆ ప్లంబర్ చేత కూడా లీన్ వేవర్ (ఆ హక్కు వదులుకున్నట్టు రాసే కాగితం) మీద సంతకం పెట్టిస్తే ఆ బెడద ఉండదు.

హోమ్ వారంటీ కంపెనీ (ఏటా రుసుము తీసుకుని ఇంట్లో పాడైనవి బాగుచేయించేది) పంపే ప్లంబర్ కూడా ఈ లెక్కలోకే వస్తాడు. వాళ్ల ఒప్పందాల్లో పర్మిట్ ఖర్చుకు, కోడ్ ప్రకారం అదనంగా చేయాల్సిన మార్పులకు పరిమితి ఉండడం మామూలే. హీటర్ ఉచితమని సంతోషపడేలోపు ఆ పేజీ చదవండి.

ఏ పనికి ఏ దారి

గ్యాస్ పైపు జోలికి లైసెన్స్ లేనివాళ్లను రానివ్వద్దు. ఇందులో నాకు రెండో ఆలోచన లేదు. 2015 మార్చి 26న న్యూయార్క్ ఈస్ట్ విలేజ్‌లో గ్యాస్ పేలి ఇద్దరు చనిపోయారు, మూడు భవనాలు నేలమట్టమయ్యాయి. అద్దెకున్నవాళ్ల కోసం అక్రమంగా గ్యాస్ కలిపారని తేలింది. 2019లో భవనం యజమానిని, కాంట్రాక్టర్‌ను, లైసెన్స్ లేని ప్లంబర్‌ను కోర్టు దోషులుగా తేల్చింది. ఆ కేసులో లైసెన్స్ ఉన్న మరో ప్లంబర్ మీద కూడా అభియోగం పెట్టారు, తన పేరును వేరేవాడు వాడుకోనిచ్చాడని. అందుకే కాగితం మీద ఉన్న పేరుకూ, మీ ఇంటికి వచ్చి పనిచేస్తున్న మనుషులకూ సంబంధం ఉందా అన్నది కూడా చూడమంటున్నాను. యజమానికీ శిక్ష పడిందన్నది మరిచిపోవద్దు.

వాటర్ హీటర్‌కు చాలా ఊళ్లలో పర్మిట్ తప్పనిసరి. పాతది తీసి అలాంటిదే పెట్టినా సరే. చూడ్డానికి చిన్న పని, తప్పు జరిగితే మాత్రం పెద్ద ప్రమాదం. గ్యాస్ హీటర్ పొగగొట్టం సరిగ్గా లేకపోతే కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోకి వస్తుంది, దానికి వాసన ఉండదు. రిలీఫ్ వాల్వ్ మూసుకుపోతే ట్యాంకులో ఒత్తిడి పెరిగి పేలే ప్రమాదం ఉంది. ఇన్‌స్పెక్టర్ చూసేది సరిగ్గా వీటినే. శనివారం రాత్రి హీటర్ పగిలితే సోమవారం దాకా చన్నీళ్లతో ఉండాలా అంటే అక్కర్లేదు. రెసిడెన్షియల్ కోడ్ ప్రకారం అత్యవసరమైన పని ముందు చేసి, తర్వాతి పనిదినంలోగా పర్మిట్‌కు దరఖాస్తు పెట్టవచ్చు. ఆ దరఖాస్తు పెట్టే ప్లంబర్నే పిలవండి.

బాత్రూమ్‌లో టాయిలెట్ స్థానం మార్చడం, కాంక్రీట్ స్లాబ్ పగలగొట్టి డ్రెయిన్ కదిలించడం, ఇల్లంతా పైపులు మార్చడం లాంటి వాటికి నాలుగో దారి, లేదా సబ్‌కాంట్రాక్టర్ ఎవరో తెలిసిన ఐదో దారి. వీటికి కనీసం రెండు ఇన్‌స్పెక్షన్లు ఉంటాయి. పైపులు ఇంకా కనిపిస్తున్నప్పుడు చేసేది రఫ్-ఇన్, అంతా అయ్యాక ఫైనల్. రఫ్-ఇన్ పాస్ కాకముందే డ్రైవాల్ మూసేస్తే, ఇన్‌స్పెక్టర్ గోడ తెరవమని అడగవచ్చు. టైల్స్ వేసేవాడికి తొందరగా ఉందని ఒప్పుకోవద్దు.

వీధిలోని సూయర్ (మురుగు కాలువ) దాకా లైను మార్చాలంటే ఇంటి పర్మిట్‌తో పాటు రోడ్డు తవ్వడానికి విడిగా అనుమతి పడవచ్చు. తవ్వేముందు, భూమిలోపలి గ్యాస్, కరెంటు లైన్లు ఎక్కడున్నాయో గుర్తుపెట్టించే 811 నంబరుకు ఫోన్ చేయడం మర్చిపోకూడదు.

నంబరు నిజమో కాదో చూసుకోవడం

ఇది ఐదు నిమిషాల పని, అయినా చాలామంది చేయరు. రాష్ట్ర బోర్డు వెబ్‌సైట్‌లో లైసెన్స్ నంబరు కొడితే పేరు, తరగతి, గడువు, చాలాచోట్ల ఫిర్యాదుల చరిత్ర కూడా వస్తాయి. కంపెనీ పేరు, కొటేషన్ మీది పేరు, వెబ్‌సైట్‌లోని పేరు మూడూ కలవాలి. టెక్సాస్‌లో అయితే వ్యాన్‌కు రెండు పక్కలా కంపెనీ పేరు, మాస్టర్ ప్లంబర్ లైసెన్స్ నంబరు రాసి ఉండాలన్నది నియమం, ఇంటి ముందు బండి ఆగగానే చూడొచ్చు.

బాండ్, ఇన్సూరెన్స్ ఒకటే అనుకుంటారు. కాలిఫోర్నియాలో కాంట్రాక్టర్ 25,000 డాలర్ల బాండ్ (పూచీకత్తు) పెట్టాలి. అది అతను లైసెన్స్ చట్టాన్ని అతిక్రమించి మీకు నష్టం చేస్తే పనికొచ్చేది. పొరపాటున పైపు పగిలి మీ హాలంతా తడిస్తే ఆదుకునేది లయబిలిటీ ఇన్సూరెన్స్. పనివాడికి దెబ్బ తగిలితే వర్కర్స్ కాంపెన్సేషన్. ఇన్సూరెన్స్ సర్టిఫికెట్‌ను కాంట్రాక్టర్ ఫోన్‌లోంచి ఫార్వర్డ్ చేసింది కాకుండా, అతని ఏజెంట్ నుంచి నేరుగా మీ ఈమెయిల్‌కు పంపమనండి. నిజమైన కాంట్రాక్టర్ ఎవరూ దీనికి నొచ్చుకోరు.

అడ్వాన్స్ విషయంలో కాలిఫోర్నియా నియమం ఎక్కడున్నవాళ్లకైనా మంచి కొలత. ఇంటి మరమ్మతుల ఒప్పందానికి ముందుగా తీసుకోదగినది మొత్తంలో 10 శాతం లేదా 1,000 డాలర్లు, రెండిట్లో ఏది తక్కువైతే అది. సగం డబ్బు ముందే ఇమ్మనేవాడు ఆ సొమ్ముతో ఇంకొకరి పని ముగించుకుంటున్నాడేమోనని నాకు అనుమానం.

ఇప్పటికే పర్మిట్ లేకుండా పని జరిగిపోయి ఉంటే కంగారుపడకండి. చాలా సిటీలు పని అయ్యాక కూడా పర్మిట్ ఇస్తాయి. ఫీజు ఎక్కువ పడవచ్చు, కొంత గోడ తెరవాల్సి రావచ్చు. అమ్మే సమయం దాకా ఆగితే మాత్రం మీ చేతిలో సమయం ఉండదు. కాలిఫోర్నియా, టెక్సాస్ రెండిటిలోనూ అమ్మేవాళ్లు నింపే డిస్‌క్లోజర్ ఫారంలో పర్మిట్ లేని మార్పుల గురించి సూటిగా అడుగుతారు. అక్కడ అబద్ధం రాయకూడదు, నిజం రాస్తే బేరం తగ్గుతుంది. ఇంట్లో ఉంటున్నప్పుడే, తొందర లేనప్పుడే సరిచేయించుకోండి.

చివరి చెక్కు ఎప్పుడివ్వాలో ఒప్పందంలోనే రాయించండి: ఫైనల్ ఇన్‌స్పెక్షన్ పాసయ్యాక. పర్మిట్ తీసి ఇన్‌స్పెక్షన్‌కు పిలవకుండా వదిలేసేవాళ్లు చాలామంది. పని ఆగిపోయి 180 రోజులు గడిస్తే పర్మిట్ చెల్లకుండా పోవచ్చు, సిటీ రికార్డులో అది ముగియని పనిగా మిగిలిపోతుంది. ఫైనల్ పాసైనట్టు సిటీ పోర్టల్‌లో కనిపించిన రోజున ఆ పేజీ ప్రింటు తీసి ఇంటి కాగితాల ఫైల్లో పెట్టుకోండి. మా రెండో ఇంట్లో హీటర్ మార్చినప్పుడు ఆ ప్రింటు ఒక ప్లాస్టిక్ కవర్లో పెట్టి హీటర్ పక్కనే గోడకు అంటించాను, రేపు ఎవరు కొన్నా వెతుక్కోకుండా.